బతికుండగానే కట్టిన దవడ

మా చింతామణిలో కడుపునొప్పి అంటే జాలిపడతారు, కంట్లో పొర అంటే ఆకుపసరు చెబుతారు, దవడ అంటే మాత్రం నవ్వుతారు. "దవడకు ఆపరేషనా? ఏంటికమ్మా, సినిమాలో చేరుతాండావా?" అని అడగని ఆడది మా వీధిలో లేదు. ఆ అడిగినవాళ్లలో నేను అన్నం ఎలా తింటున్నానో తెలిసిన మనిషి ఒక్కతీ లేదు. ఇప్పుడు నా నోరు తెరుచుకుంటోంది. ఒంట్లో కొంచెం సత్తువ వచ్చింది. కోపం మాత్రం వచ్చినంత వచ్చి అలాగే నిలిచిపోయింది. అందుకని రాస్తున్నాను. ఒకే ఒంట్లో రెండు జబ్బులు పెట్టుకుని ఆస్పత్రి బల్లల మీద కూర్చున్నవాళ్లకు ఇది ఉపయోగపడితే సంతోషం. పడకపోయినా నా కడుపుమంట చల్లారుతుంది.

నా పేరు రుక్మిణి. బాగేపల్లిలో పుట్టి, చింతామణిలో బెల్లం మండీ వాళ్లింటికి కోడలిగా వచ్చాను. నా కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. చిన్నప్పుడు లేదు, ఈడొచ్చే కొద్దీ పెరిగింది. నోరు మూస్తే కిందిపళ్లు పైపళ్లను దాటి బయటికి వచ్చేవి. వెనక ఒకటి రెండు దంతాలు తప్ప ఏదీ దేనికీ తగిలేది కాదు. అంటే కొరకలేను, నమలలేను. ఇంత లోపం పెళ్లిచూపుల్లో ఎవరికీ ఎలా కనిపించలేదని మీరు అడుగుతారు. మూతి కనిపించింది. నమలలేకపోవడం కనిపించలేదు. ఎందుకంటే మా సీమలో నమిలేవాళ్లు ఎవరున్నారు? రాగి సంగటి చిన్న ముద్ద చేసి, పులుసులో అద్ది, గుటుక్కున మింగడమే. నమిలితే తప్పు కూడా. చిన్నప్పుడు నేను సంగటిని నోట్లో అటూ ఇటూ తిప్పుతుంటే మా నాయనమ్మ నెత్తిన మొట్టేది. "ఏమే, ఎనుము మాదిరి నెమరేస్తాండావు? మింగు!" అనేది. ముప్పై ఏళ్లు నేను మింగి బతికాను. నా పక్కన కూర్చుని ఊరంతా మింగింది. పళ్లు పనిచేయని మనిషి దాక్కోవడానికి ఇంతకంటే మంచి ఊరు భూమ్మీద లేదు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఆ ముప్పయ్యో ఏట నాకు చక్కెర జబ్బు వచ్చింది. మావాళ్లు దాన్ని సక్కర కాయిలా అంటారు. ఎంత తాగినా దాహం, ఎంత తిన్నా నీరసం, కాలికి ముల్లు గుచ్చుకుంటే నెల్లాళ్లయినా మానని పుండు. చిక్కబళ్లాపురం తీసుకుపోయారు. అక్కడ ఆస్పత్రి వరండాలో పొద్దున్నుంచి కూర్చుంటే మధ్యాహ్నం పిలిచారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో నా మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచారు. నీలం నీలంగా ఉంటే మంచిదట. నాది ఇటుకపొడి రంగుకు తిరిగింది. డాక్టరు మా ఆయన వైపు చూసి చెప్పాడు, జబ్బు ఆయనకన్నట్టు. వరి అన్నం బంద్, సంగటి బంద్, తీపి అసలే బంద్. గోధుమ రొట్టె, పచ్చి కూరగాయలు, నానబెట్టిన పెసలు తినాలి. "బాగా నమిలి తినమనండి" అన్నాడు.

నా మూతి ఆయన ఎదురుగానే ఉంది. ఒకసారి తలెత్తి చూసి ఉంటే, ఈ మనిషి రొట్టె ఎట్లా నములుతుంది అని పసిపిల్లవాడికైనా తోచేది. ఆయనకు తోచలేదు. మూత్రం రంగు చూసినంత శ్రద్ధగా ముఖం చూసే డాక్టరును నేను అప్పటిదాకా చూడలేదు. ఇక మా ఆయన. మంచివాడు, నెమ్మదస్తుడు, కోటు వేసుకున్న మనిషి ఏం చెప్పినా తల ఊపుతాడు. ఆ రోజూ ఊపాడు. బస్సులో నేను "రొట్టె నమిలేదెట్లా?" అని అడిగితే, కిటికీ బయటికి చూస్తూ, "మెల్లగా అలవాటైతాదిలే" అన్నాడు. దవడ అలవాటు చేసుకుంటుందట!

ఆ చలికాలమంతా నేను రొట్టెను మజ్జిగలో నానబెట్టి తిన్నాను. అది గొంతుకు అడ్డం పడేది. ఉన్న ఒక్క పక్కన నమలబోతే చిగురు చీరుకునేది, చక్కెర జబ్బు కాబట్టి అది మానేది కాదు. చివరికి ఎవరూ చూడకుండా వరి గంజి తాగేదాన్ని. మళ్లీ ఇటుకపొడి రంగు వచ్చేది. "నోరు కట్టుకోల్యావా?" అని మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, శిడ్లఘట్ట నుంచి వచ్చినప్పుడల్లా అందరి ముందూ అడిగేది. ఆమె ఆ మాట అంటూనే ఒబ్బట్టు, అదే బొబ్బట్టు, మడిచి నోట్లో పెట్టుకునేది. 

అప్పుడు పెద్ద డాక్టర్ల దగ్గరికి తిరగడం మొదలైంది. పళ్ల డాక్టరు అన్నాడు, దవడ ఎముక కోసి వెనక్కి జరపాలి, కానీ ఈ చక్కెరతో నేను కత్తి పట్టను, ముందు అది తగ్గించుకుని రండి. చక్కెర డాక్టరు అన్నాడు, నమిలే తిండి తింటే తప్ప ఇది తగ్గదు, ముందు నోరు బాగుచేయించుకుని రండి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు. ఇద్దరి గదుల ముందూ బల్లలున్నాయి. ఒక బల్ల మీద నుంచి లేచి ఇంకో బల్ల మీద కూర్చోవడమే నా వైద్యం. ఆ బల్లల మీద కూర్చున్న జనమూ తక్కువవాళ్లు కారు. "ఏం జబ్బమ్మా?" అంటారు. చెప్తే, "ఓస్, అంతేనా" అంటారు. తమ జబ్బు మాత్రం తాతల కాలం నుంచి మొదలుపెట్టి చెప్తారు.

ఆ తిరుగుడులో బెంగుళూరులో ఒక ఆస్పత్రిలో ఒక సర్జన్ దొరికాడు. నడివయసు మనిషి, కన్నడం మాట్లాడేవాడు, నవ్వడం తెలియదు. ఆయన వచ్చీ రాగానే నా నోట్లో వేలు పెట్టి, "కొరుకు" అన్నాడు. నేను మొహమాటపడ్డాను. "కొరుకమ్మా" అన్నాడు మళ్లీ. కొరికాను. ఆయన వేలికి గాటు కూడా పడలేదు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, "ఈమె ఇన్నేళ్లూ ఏం తిని బతికిందయ్యా?" అని అడిగాడు. పన్నెండేళ్లు ఒకే పంక్తిలో కూర్చుని తిన్న మనిషికి తెలియని సంగతి ఆ పరాయివాడికి ఒక్క వేలితో తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దవడ ఇంకా వంకరగా కనిపిస్తుందని చిన్నప్పుడే ఏడవడం మానుకున్నాను, అయినా ఆ రోజు ఏడ్చాను.

ఆయన రెండు జబ్బులూ ఒకేసారి చూస్తానన్నాడు. ముందు ఆస్పత్రిలో పడుకోబెట్టి, మెత్తగా రుబ్బిన కూరలు, పెసరకట్టు, మజ్జిగ ఇచ్చి, పొద్దున పూట ఇన్సులిన్ సూది వేస్తూ చక్కెరను దించుతాడు. తర్వాత దవడ కోస్తాడు. పైపళ్లకూ కిందిపళ్లకూ సన్నటి తీగలు చుట్టి నోరు మూసి బిగిస్తాడు. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా గుడ్డకట్టు కడతాడు. ఎముక అతికేదాకా నోరు తెరవకూడదు, మాట లేదు, నమలడం లేదు. "ఒక్క సంగతి వినండి. చక్కెర ఉన్న ఒంటికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. మధ్యలో అది జారిపోతే నేను మళ్లీ కోయను. ఈ ఒంటికి రెండోసారి మత్తు ఇచ్చే ధైర్యం నాకు లేదు. ఉన్నది ఒకటే అవకాశం" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. నేను కూడా ఊపాను. ఈసారి తెలిసే ఊపాను.

మరుసటి ఏడు మాఘమాసంలో ఆపరేషన్ అయింది. దాని గురించి ఎక్కువ రాయను. మత్తులోంచి లేచాక నా తల కాకుండా ఒక రాగిబిందె నా భుజాల మీద పెట్టినట్టుండేది. నోట్లో ఇనుము రుచి. వాంతి వస్తే తీగలు కట్ చేయడానికి నా మంచానికి చిన్న కత్తెర వేలాడదీశారు. అది చూస్తూ పడుకోవడమే నాకు అన్నిటికంటే భయం వేసిన పని. పక్క మంచం మీది ముసలమ్మ, ఎక్కడో కోలారు వైపు నుంచి వచ్చిన రైతుకుటుంబపు మనిషి, మాట రాని నాతో రోజూ మాట్లాడేది. జవాబు అక్కర్లేదు ఆమెకు. తన ఎద్దుల గురించి, వాటి అలకల గురించి చెప్పుకుపోయేది. డిస్చార్జి రోజు నా చేతిలో ఒక పలక పెట్టింది. మనవడికని కొనుక్కున్నదట. "నీకు నోరు వచ్చేదాకా దీంట్లో తిట్టుకోమ్మా" అంది. ఆస్పత్రిలో నాకు జరిగిన మంచి అదీ, ఆ సర్జనూ.

ఇక ఇల్లు. నేను జట్కా దిగి గడపలో అడుగు పెట్టగానే మా అత్త నా ముఖం చూసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. ఎందుకో చెప్పాలి. మావైపు మనిషి ప్రాణం పోతే, నోరు తెరుచుకుని ఉండకుండా గడ్డం కింద నుంచి నెత్తి దాకా గుడ్డ వేసి కడతారు. కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కడతారు. బతికున్న మనిషి దవడకు కట్టు కట్టుకుని నడిచి రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"ఇదేందిరా? పీనుగుకు కట్టినట్ల కట్టి పంపినారు!" అంది మా అత్త కొడుకుతో.

"ఎముక కదలకుండా కట్టినారమ్మా. తీసేది లేదన్నాడు డాక్టరు."

"ఆ డాక్టరుకు అమ్మా అక్కా ల్యారా? ఒక శుభం అశుభం తెలియదా?"

తెలియదు పాపం, ఆయనకు ఎముకలు మాత్రమే తెలుసు. నేను పలక తీసి, 'విప్పితే చస్తాను' అని రాసి చూపించాను. మా అత్తకు చదువు రాదు. మా ఆయన చదివి వినిపించాడు. ఆమె పసుపులో ముంచిన దారం ఒకటి తెచ్చి ఆ కట్టు మీదుగా చుట్టింది, అది శవానికి కట్టింది కాదని దేవుడికి తెలియడానికి. దేవుడికి కూడా గుర్తు పెడితే గానీ తెలియదన్నమాట. ఆ రోజు నుంచి నాకు పెసర గంజి పట్టే పని ఆమెదే. పసిపిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నె ముక్కును నా బుగ్గ లోపల, చివరి పంటి వెనక ఉన్న సందులోకి పెట్టి పోసేది. ప్రేమగా పోసేదని అబద్ధం రాయను. "ముప్పయ్యేండ్ల దానికి ఉగ్గు పోసే రాత నాకే రాసినాడే!" అని రోజూ గొణిగేది. నేను కళ్లు మూసుకుని మింగేదాన్ని. నాకు ఆమె అంటే పడదు, ఆమెకు నేనంటే పడదు. ఆ పడకపోవడంలో దాపరికం లేదు.

ఊరివాళ్ల పరామర్శ మొదలైంది. వచ్చేవాళ్లకు నా జబ్బు మీద కంటే నా కట్టు మీద ధ్యాస ఎక్కువ. గుమ్మంలో నిలబడి చూసి, లెంపలు వేసుకుని, లోపలికి వచ్చి కాఫీ తాగి పోయేవాళ్లు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఒకామె తన కొడుక్కి బెల్లం చవగ్గా ఇప్పించమని నన్నే అడిగింది. పలక మీద రాయబోయిన మాట మింగేశాను. అయినా ఎక్కువ రోజులు ప్రశాంతంగానే గడిచాయి. పొద్దున్నే కాంపౌండరు వచ్చి సూది వేసేవాడు. వేసి పోతూ ప్రతిరోజూ, "సూది పడినాక గంజి లేటు చేయొద్దమ్మా" అనేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. చక్కెర జబ్బంటే తీపి ఎక్కువ కావడమే అని మాకు తెలుసు. అది తక్కువై కూడా మనిషి పోతాడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ రాసేదంతా చదవకపోయినా ఈ ఒక్క ముక్క చదవండి, సూది వేసుకునేవాళ్లు.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజులు. ఒకరోజు కాంపౌండరు సూది వేసి అటు పోయాడో లేదో, శిడ్లఘట్ట నుంచి మా ఆడబిడ్డ దిగింది. ఒక్కతే కాదు, తన అత్తవారి వైపు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, అందరూ పట్టుచీరలు కట్టుకుని, ఎక్కడో పెళ్లికి పోతూ దారిలో నన్ను చూడ్డానికట. వస్తూనే మా అత్తను వంటింట్లోకి తోలింది. "అమ్మా, వీళ్లు మన ఒబ్బట్లు తినల్లని ఆశపడి వచ్చినారు" అంది. నా గంజి అక్కడే ఆగిపోయింది. వచ్చినవాళ్లు నా మంచం చుట్టూ చాప వేసుకుని కూర్చుని, ఆ పెళ్లికూతురి నగల గురించి మాట్లాడుకుంటున్నారు.

కాసేపటికి నాకు చేతులు వణకడం మొదలైంది. చెమట పట్టింది. పలక తీసి 'గంజి' అని రాసి మా ఆడబిడ్డకు చూపించాను. ఆమె చదువుకుంది, చక్కగా చదివింది. చదివి అరచేత్తో తుడిచేసింది.

"వచ్చినోళ్ల ముందర చొంగ కార్చుకుంటా తాగేదేమే? సుమ్మనుండు. రవ్వంత తడవైతే ఏమైతాది?" అంది.

మళ్లీ రాద్దామంటే బలపం వేళ్లలో నిలవలేదు. తర్వాత అందరి గొంతులూ బావిలోంచి వచ్చినట్టు వినపడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప వేయలేను. వేలు కదపలేను. కానీ వినబడుతోంది. దేవుడు నాకు చేసిన అన్యాయాల్లో అది పెద్దది, వినబడడం.

"ఏమే రుక్కూ" అని పిలిచింది ఆడబిడ్డ. "ఏమే!" అని ఇంకోసారి. "పలకదే ఇది. కండ్లు చూడు, ఎట్ల నిలబడినాయో."

అప్పుడే పక్కింటి కాంతమ్మ చక్కెర బదులు అడగడానికి వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసింది. కట్టు కట్టిన మొదటి రోజు నుంచీ ఊళ్లో లేదు, కూతురి కాన్పుకు పోయి ఆ పొద్దే వచ్చింది. చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో నేను, దవడకు కట్టు. ఇంకేం కావాలి?

"అయ్యో నా తల్లీ! ఎప్పుడు పొయిందమ్మా? అప్పుడే దవడ గూడా కట్టేస్తిరా!" అని శోకం పెట్టింది.

శిడ్లఘట్ట వాళ్లకు నా ఆపరేషన్ సంగతి సగమే తెలుసు. దవడ కట్టినదాన్ని చూసి వాళ్లూ అందుకున్నారు. మా ఆడబిడ్డకు తెలుసు కదా ఆ కట్టు ఎవరు కట్టారో! అయినా నలుగురూ ఏడుస్తుంటే తానొక్కతే ఊరుకోవడం బాగుండదని గొంతు కలిపింది. ఇంతమందిలో ఒక్కరూ నా చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. ఎందుకంటే పీనుగను ముట్టుకుంటే తలస్నానం చేయాలి. తలస్నానం చేస్తే పట్టుచీర, పూలు, పెళ్లి ప్రయాణం అన్నీ పోతాయి. అందుకని గోడ దాకా జరిగి, దూరం నుంచే ఏడ్చారు.

"కాళ్ల బొటనేళ్లు కట్టల్ల కదా, బిగుసుకునేలోగా" అంది ఒకామె.

"నువ్వు కట్టు."

"నేనెట్ల కడతా? మాకు ఆమె ఏమైతాదని? ఆడబిడ్డ కడితే బాగుంటాది."

"నేను మైల పడితే పెండ్లిలో హారతి ఎవరు పడతారు?" అంది మా ఆడబిడ్డ. తర్వాత ముక్కు చీది, గొంతు తగ్గించి, పక్కామెతో, "పాపం, నా తమ్ముడికి వయసేమైంది? బిడ్డా పాపా గూడా ల్యా. మీ తోడికోడలి చెల్లెలు అట్లే ఉండాది కదా?" అంది. నేను వింటున్నాను. ఒళ్లు చల్లగా చెక్క మాదిరి ఉంది గానీ లోపల నిప్పులాగా మండిపోయాను. ఆలు లేదు చూలు లేదు అంటారే, ఇక్కడ ఉన్న ఆలు ఇంకా పోకముందే కొత్త ఆలికి పేరు పెట్టారు. మనిషిని మండీకి పంపారు మా ఆయన కోసం. ఇంకో మనిషిని పాడె కట్టే వెదుళ్ల కోసం పంపారట, అది తర్వాత తెలిసింది.

ఆ గోలకు మా అత్త వంటింట్లోంచి వచ్చింది. 

"ఎవరు జెప్పినారే పొయిందని?"

"చూడు మా, చల్లగైపొయింది" అంది కూతురు.

"ముట్టుకున్నావా?"

కూతురు పట్టుచీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుంది. మా అత్త వచ్చి నా పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బెల్లం పాకం అంటుకుని ఉంది, నా నుదుటికి కూడా అంటింది. నా చెమట ఐసులాగా ఉంది కాబట్టి ఆమె కూడా నమ్మింది. తర్వాత గట్టిగా అంది:

"తులసి తీర్థం తేండి. పాకం గిన్నె గూడా తేండి."

"పాకమా? దానికి సక్కర కాయిలా గదమ్మా!"

"పొయినదానికి కాయిలా ఏందే, పనికిమాలినదానా! బతికినన్ని దినాలు అది తినాకు, ఇది తినాకు అని నోటికి తీపి ల్యాకుండా జేస్తిరి. బెల్లం మండీ ఇంటి కోడలు సప్పిడి నోటితో పోతాదా? నేను పంపను."

నాకు ఆ మాట వినగానే ఏడుపొచ్చింది, కానీ కన్నీళ్లు రాలేదు. ఆమె పసుపుదారం తెంపి, కట్టు విప్పేసింది. విప్పితే చస్తానని నేనే రాసి చూపించాను, ఇప్పుడు చచ్చిపోయాను కాబట్టి ఆమె తప్పు లేదు. కింది దవడ తీగల మీద వేలాడినట్టయింది. ఎడమవైపు కలుక్కుమంది. మనసులో అనుకున్నాను, పోయింది, నా ఒక్క అవకాశమూ పోయింది. అంతలోనే ఉగ్గుగిన్నె ముక్కు నా బుగ్గలోకి దూరింది. సందు ఎక్కడుందో ఆమెకు తెలుసు, రోజూ గొణుక్కుంటూ పోసిందే కదా. తులసి నీళ్లలో కలిపిన బెల్లం పాకం, వెచ్చగా, కొంచెం కొంచెంగా. ఒక గుక్క గొంతులో దిగింది. ఆమె ఆపలేదు, గిన్నె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది, దారిలో ఎక్కడా దొరకదన్నట్టు.

ఎంతసేపటికో నాకు తెలియదు, దగ్గు వచ్చింది. ఆ దగ్గుతో గదిలో ఉన్న పట్టుచీరలన్నీ గుమ్మం వైపు పరుగెత్తాయి. మా ఆడబిడ్డ "దయ్యం, దయ్యం!" అని అరుస్తూ కాంతమ్మను తోసి, ఆమె మీదుగానే దాటిపోయింది. మా అత్త మాత్రం కూర్చున్నచోటనే కూర్చుంది. నా ముఖంలోకి వంగి చూసి, "ఓసి నీ కత కాల! ఉండావే నువ్వు!" అని రెండో గిన్నె పోసింది.

మా ఆయన ఒక కాలికే చెప్పు వేసుకుని మండీ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నన్ను చూసి గడప మీదనే చతికిలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన్ని నేను చాలా అన్నాను ఇంతవరకూ. ఆ ఏడుపు మాత్రం ఒప్పుకుంటాను. మా ఆడబిడ్డ వీధిలో నిలబడి, చచ్చి లేచిన మనిషి ఉన్న ఇంటికి శాంతి చేయించాల్సిందే అని లోపలికి వినబడేలా చెప్పి, పెళ్లికి పోయింది. హారతి పట్టిందట. 

మర్నాడే బెంగుళూరు పోయాం. సర్జన్ కట్టు చూసి, "ఎవరు విప్పారు?" అన్నాడు. జరిగింది మా ఆయన చెప్పాడు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను, అదీ సంతోషం నవ్వు కాదు. "సూది పడి కడుపులో ఏమీ లేకపోతే చక్కెర పడిపోతుంది. ఇంకొంచెంసేపు అయితే నిజంగానే పోయేది. ఆ తీపే బతికించింది. ఇకమీదట మంచం పక్కన బెల్లం ముక్క లేకుండా ఈమెను పడుకోనివ్వకండి" అన్నాడు. తర్వాత తీగలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. ఎడమపక్క ఒకటి తెగింది. ఎముక రవ్వంత జరిగింది. కొత్త తీగ వేసి, ఎక్కువ రోజులు బిగించి ఉంచాలన్నాడు. అతుకుతుందా అంటే, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాంతో ఉగాది వచ్చి పోయింది, మామిడికాయలు వచ్చాయి, ఊరంతా ఊరగాయలు పెట్టుకుంది, నేను గంజి తాగాను. ప్రతి పొద్దూ లేవగానే నాలుకతో పళ్లు తడుముకుని, కలిసే ఉన్నాయా అని చూసుకునేదాన్ని. అంత భయం నాకు ఆపరేషన్ బల్ల మీద కూడా లేదు.

ఎండలు తగ్గి తొలకరి పడ్డాక తీగలు తీశారు. సర్జన్ మళ్లీ వేలు పెట్టి, "కొరుకు" అన్నాడు. ఈసారి ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు. వేలు తుడుచుకుని ఇంకో పేషంటును పిలిచాడు.

ఇంటికొచ్చేసరికి మా అత్త వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ కొన్ని నెలలూ మాట లేని నోట్లో నేను ఎంతమందికి ఎన్ని తిట్లు పోగుచేసుకున్నానో చెప్పలేను. ఆమెకు కూడా కొన్ని ఉన్నాయి. బస్సులో వస్తూ వాటిని వరుసలో పెట్టుకున్నాను. కానీ ఎదురుగా నిలబడేసరికి వేరే మాట వచ్చింది.

"అత్తా, నువ్వు తీపి పొయ్యబట్టే నేను బతికినానంట. డాక్టరే జెప్పినాడు. నువ్వు నన్ను బతికించినావు."

ఆమె తలెత్తలేదు. గింజ తీసి పళ్లెంలో వేసింది.

"నేనేం బతికించల్యా. నేను సాగనంపినా. నువ్వే పోల్యా" అంది.

నాకు నవ్వు ఆగలేదు. నోరంతా తెరిచి, కడుపు పట్టుకుని, చెవుల కింద నొప్పి పుట్టేదాకా నవ్వాను. తీగలు తీసిన నోటితో నేను చేసిన మొదటి పని అదే. ఆమె అప్పుడు తలెత్తి, నా ముఖాన్ని అటు ఇటు పరీక్షగా చూసింది.

"సాల్లే, నోరు మూయి. ఈగలు దూరుతాయి."

మూశాను. ఎడమపక్క రవ్వంత సందు తప్ప, పైపళ్లూ కిందిపళ్లూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.